చింతపండు తగిలిన సింహం

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో కృష్ణకుమారిని ఎరిగినవాళ్లు రెండు రకాలు. గుడిలో పులిహోర కలిపే ఆంటీగా ఎరిగినవాళ్లు కొందరు. పాత జర్మన్ కత్తి చేతికిస్తే అసలో నకిలీయో తేల్చి చెప్పే మనిషిగా ఎరిగినవాళ్లు ఇంకొందరు. వీళ్ల మాట వాళ్లకు చెబితే నమ్మరు, వాళ్ల మాట వీళ్లకు చెబితే అసలే నమ్మరు.

ఆవిడ ఉద్యోగం కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో. పోతపోసిన లోహపు ముక్కల్లో లోపాలు పట్టడం ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని. ఒకసారి పక్కింటి వాల్టర్ సరదాగా కత్తుల ప్రదర్శనకు తీసుకెళితే, ఒక జర్మన్ పోలీసు కత్తి పిడి మీదున్న గద్ద బొమ్మను గోటితో గీరి, "ఇది నిన్నగాక మొన్న పోసిన పోత" అనేసింది. అమ్మేవాడు ముఖం మాడ్చుకున్నాడు. పాత కత్తులు సేకరించేవాళ్ల క్లబ్ పెద్ద డెన్నిస్ మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆరేళ్లు తిరిగేసరికి ఆ క్లబ్‌లోని ముగ్గురు పరీక్షకుల్లో ఆవిడ ఒకరైంది.

వాల్టర్ ఇంట్లోనూ ఒక కత్తి ఉంది. 1945లో ఒక జర్మన్ సైన్యాధికారి లొంగిపోతూ, అమెరికా సైనికుడైన వాల్టర్ నాన్న ఫ్రాంక్ చేతికిచ్చిన కత్తి. ఇత్తడి పిడి, దాని చివర సింహం తల, ఎర్ర గాజు కళ్లు. ఫ్రాంక్ ఆ కథ చెప్పినప్పుడల్లా చుట్టాలు నవ్వేవారట, ఏదో నకలు కత్తి కొట్లో కొన్నావులే అని. ఆ నవ్వు వింటూనే ఆయన పోయాడు. ఇప్పుడు ఊళ్లోని మాజీ సైనికుల హాలువాళ్లు దాన్ని అద్దాల పెట్టెలో ఆయన పేరుతో పెడతామన్నారు. అయితే అది అసలైనదని క్లబ్ రాసివ్వాలి. డెబ్బై నాలుగేళ్ల వాల్టర్ కత్తిని గుడ్డలో చుట్టి తెచ్చి కృష్ణకుమారి చేతిలో పెట్టాడు.

ఒక్క చూపులోనే ఆవిడకు తెలిసిపోయింది, అది అసలైనదే. క్లబ్ పరీక్ష జరిగే నవంబర్ ప్రదర్శన దాకా ఇంట్లోనే ఉంచుకుంది. ఈలోగా దసరా వచ్చింది. ఆయుధపూజలో కార్ తాళాలు, ల్యాప్‌టాప్‌ల పక్కన దీన్నీ పెడదామనిపించి, పూజసామాను దగ్గర ఉంచి షిఫ్ట్‌కి వెళ్లింది. అక్కడే పప్పులో కాలేసింది. పండగంటే ఆవిడ భర్త కేశవరావు చేతులు ఊరుకోవు.

సాయంత్రం వచ్చి చూస్తే సింహం ధగధగలాడుతోంది.

"ఎంత పని చేశారండీ!"

"కుందులు తోమాను, గంట తోమాను. నల్లగా ఉందని దాన్నీ కాస్త చింతపండు పెట్టి తోమా. బాలేదా?"

"అది మెరవకూడదండీ! ఎనభై ఏళ్ల నలుపే దానికి సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని సింక్‌లో కడిగేశారు!"

కేశవరావు ముఖం చిన్నబోయింది. ఆయన్ని ఏమనగలదు? పూజసామాను పక్కన పెట్టింది తనే. రెండు రోజులు ఆవిడకు అన్నం సయించలేదు. వాల్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. "నాన్న మాట మళ్లీ అబద్ధమైపోతుందా?" అని మాత్రం అడిగాడు. కోప్పడినా బాగుండేదనిపించింది ఆవిడకు.

ప్రదర్శన రోజు డెన్నిస్ కత్తిని ఇలా అందుకుని అలా పెట్టేశాడు.

"కొత్త నాణెంలా మెరుస్తోంది. ఇది నకలు." రెండో పరీక్షకుడూ తలూపాడు.

కృష్ణకుమారి లేచి నిలబడింది. "ఇది మా పక్కింటివాళ్లది కనక నేను ఓటు వెయ్యను. మా ఇంట్లో దీన్ని చింతపండుతో తోమాం. తప్పు మాది, కత్తిది కాదు. పది నిమిషాలివ్వండి," అంది.

కత్తులు ఎరిగిన మనిషి ఇంట్లో కత్తిని తోమడమా! హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆరేళ్లుగా సంపాదించుకున్న పరువు బల్ల మీదే పెట్టేసిందని ఆవిడకు తెలుసు. వాల్టర్ కుర్చీ అంచున కూర్చుని వింటున్నాడు, అది చాలు.

కొత్తవాళ్లకు నేర్పడానికి క్లబ్ ఉంచుకున్న నకలు కత్తి ఒకటి తెప్పించింది. డెన్నిస్ సొంత కత్తీ అడిగింది, ఎవరూ వేలెత్తి చూపని అసలు సరుకు. మూడింటికీ ఒకే కంపెనీ నమూనా. ఫ్యాక్టరీలో వెంట్రుకవాసి తేడా కూడా కొలవడానికి రోజూ వాడే కాలిపర్ తీసి డెన్నిస్ చేతికే ఇచ్చింది.

"మీరే కొలవండి. నకలు చేసేవాళ్లు అసలు పిడి మీద అచ్చు తీసి లోహం పోస్తారు. ఎండిన వడియంలా, చల్లారాక లోహం కాస్త కుంచించుకుపోతుంది. నకలు ఎప్పుడూ అసలుకన్నా పొట్టే."

డెన్నిస్ కొలిచాడు. నకలు పిడి రెండు మిల్లీమీటర్లు తక్కువ. తన కత్తి, వాల్టర్ కత్తి వెంట్రుకవాసి తేడా లేకుండా సమానం. నమ్మలేక మళ్లీ కొలిచాడు.

"ఇప్పుడు జూలు చూడండి," అంటూ భూతద్దం అందించింది. నకలు జూలు అరిగిన సబ్బులా ఉంది. వాల్టర్ సింహానికి ప్రతి వెంట్రుకా ఉలితో చెక్కిందే. చెవి వెనక సందులో, కేశవరావు బొటనవేలు దూరని చోట, పాతనలుపు గట్టిగా పట్టుకునే ఉంది.

"ఈ గోధుమరంగు పీచేమిటి?" అన్నాడు డెన్నిస్.

"అదే సార్, చింతపండు!"

హాలంతా గొల్లుమంది. డెన్నిస్ కూడా కడుపు పట్టుకుని నవ్వి, భూతద్దాన్ని రెండో ఆయనకిచ్చాడు. ఆయనా చూసి సంతకం పెట్టాడు. కింద డెన్నిస్ పెట్టాడు. వెనకవరసలో తలదించుకుని కూర్చున్న కేశవరావు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు.

ఆ కాగితం మీద "ఒకసారి చింతపండుతో శుభ్రం చేశారు" అని డెన్నిస్ రాశాడు. మాజీ సైనికుల హాల్లో కత్తి పక్కన పెట్టే చీటీ మీద కూడా ఆ మాట ఉండాలని వాల్టర్ పట్టుబట్టాడు, ఆ మెరుపు చూసి రేపెవరూ మళ్లీ నకలనకూడదని. అద్దాల పెట్టె తెరిచిన రోజు నాన్నను చూసి నవ్విన చుట్టాల పిల్లల్నందరినీ పిలిచాడు. ఒక్కొక్కరి చేతా చీటీ పైకి చదివించాడు. చివర తనే చదివాడు, నాన్న పేరు దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచీ.