గుమ్మం బయట నిలబడ్డ వార్డెన్

సోమవారం, పిల్లలు ఉలిక్కిపడుతున్నారని నా గంట తీసేశారు. బుధవారం తలుపుల గడియలు ఊడదీశారు. శుక్రవారం నా గదికే లేత ఆకుపచ్చ రంగు పూసి, భయపడిన పిల్లలు సేదతీరే గది అన్నారు. ధర్మపురిలోని మా బాలికల ఆశ్రమానికి గదులను పిల్లలకు అనువుగా మార్చే డిజైనరు అమ్మాయి వచ్చిన వారమది.

శనివారం ఉరిమింది. ఎప్పుడూ నా ఒడిలో దూరే మల్లి నన్ను దాటి ఆ గదిలోకి పరుగెత్తింది. వెంటే వెళ్లాను.

"అవ్వా, అడిగి రావల్ల! డిజైనరక్క చెప్పింది."

వార్డెన్‌నైన నేను అందరి ముందూ అడిగాను. "రావచ్చునా?"

"ఇప్పుడు వద్దవ్వా."

ఇంట్లో దెబ్బలు తింటూ కూడా వద్దనలేకపోయిన పిల్ల అది. అసూయతో నా ముఖం మండిపోయింది. ఇన్నేళ్లు ఒడిలో పెట్టుకున్నా నేను నేర్పలేకపోయిన 'వద్దు' అనే ఆ ఒక్క మాటను వారంలో ఎలా నేర్పిందో, ఆ డిజైనరు నాకు లిఖితపూర్వకంగా సమాధానమివ్వాలని ఇందుమూలంగా కోరుతున్నాను.