పదకొండు నిమిషాల ఫోను

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఆ మాటకొస్తే ఫోన్ల మీదా లేదు. పదిహేనేళ్లుగా కుందుర్పి వైపు పల్లెల్లో ఏఎన్‌ఎం నర్సుగా తిరుగుతున్నాను. గర్భిణుల వివరాలు ఎక్కించమని మాకు ఫోన్లు ఇచ్చినప్పటి నుంచి బీపీ చూసేది ఐదు నిమిషాలు, సిగ్నల్ కోసం మిద్దెక్కి నిలబడేది అరగంట. ఎక్కించింది పోతుంది. మళ్లీ ఎక్కించాలి. ఇంకా ఎందుకు కాలేదని పైనుంచి అక్షింతలు.

ఇది చాలదన్నట్టు, గర్భిణులకు, బాలింతలకు వారానికోసారి ఫోన్ వచ్చే పథకం ఒకటి పెట్టారు. ప్రతి మంగళవారం పొద్దున ఒక ఆడగొంతు ఆకుకూరలు తినమనీ, ఐరన్ మాత్రలు వేసుకోమనీ చెబుతుంది. ముందే రికార్డు చేసిన మాటలు. కోస్తా యాస. ఒకటిన్నర నిమిషం దాటదు. మనం ఏమన్నా దానికి వినపడదు.

నేను చూసే గర్భిణుల్లో శిరీష ఒకతె. తొలి కాన్పు, ఎనిమిదో నెల. భర్త బెంగళూరులో కట్టడం పనికి పోయాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ఆమె అత్త ఓబులమ్మది. ఓబులమ్మతో వేగడం నా వల్ల కాలేదు. కోడల్ని పరీక్షకు తీసుకురమ్మని రెండుసార్లు కబురు పెట్టినా తేలేదు. శిరీష కాళ్లు వాచాయని తెలిసి ఇంటికే పోయాను.

"నేను అయిదుగుర్ని కన్న్యా. నాకెవురు చూసినారు బీపీ? చేన్లో చెనిక్కాయ పెరకాల, పో నర్సమ్మా" అని తలుపేసుకుంది.

ఆ తరువాతి మంగళవారం నేను సబ్‌సెంటర్లో టీకాలు వేస్తున్నాను. పదకొండు దాటింది. వాకిట్లో ఆటో ఆగింది. చూస్తే ఓబులమ్మ, కోడల్ని పట్టుకుని దించుతోంది.

బీపీ చూశాను. నూటడెబ్బై, నూటపది. మళ్లీ చూశాను, అంతే. శిరీషకు తల పగిలిపోతోంది. నా ముఖం మసగ్గా కనిపిస్తోందంది. నూటెనిమిది అంబులెన్సుకు ఫోన్ చేసి, ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాను. ఉక్రోషం ఆగక, "ఇప్పటికి తీరిక దొరికిందా?" అన్నాను ఓబులమ్మను.

ఆమె నా మీదికే వచ్చింది. "నువ్వే కదమ్మా ఫోన్ చేపిచ్చినావు! ఆ యమ్మి తిట్టిన తిట్లకు నాకు కాళ్లూ చేతులూ ఆడలే."

"ఏ యమ్మి?"

"మంగళారం మంగళారం మాట్లాడుతుందే, ఆ యమ్మి. 'ఓబులమ్మా, కోడలికి తల నొస్తాండాదా? కండ్లు మసకేస్తాండాయా?' అనె. అవునంటి. 'మరి ఆడ కూచోని ఏం చేస్తాండావు? లేయ్, ఆటో పిలువు' అని ఒగటే అరుపులు. మేం ఆటో ఎక్కేదంకా ఫోను పెట్టలే."

"అది రికార్డమ్మా. అది అడగదు, తిట్టదు."

"రికార్డో గికార్డో నాకేం తెలుసు? మన పక్క మాటే మాట్లాడింది."

పడుకున్నచోటి నుంచే శిరీష తలూపింది. ఫోను స్పీకర్‌లో ఉందట, తానూ విన్నదట. ఓబులమ్మ చేతిలోంచి ఫోను లాక్కుని చూశాను. పథకం నంబరే. పదకొండు నిమిషాలు.

ఆ సాయంత్రం పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. బరువు తక్కువే కానీ తల్లీబిడ్డా దక్కారు. ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవని డాక్టరమ్మ అంది.

మర్నాడు పథకం చూసే ఆఫీసుకు ఫోన్ చేశాను. ఆ వారం పంపింది ఐరన్ మాత్రల మెసేజేననీ, తమ లెక్కలో నిమిషం ఇరవై సెకన్లే ఉందనీ ఒకతను చెప్పాడు. మరి పదకొండు నిమిషాల సంగతేమిటంటే, "ఫోన్ పాడై ఉంటుంది మేడం" అన్నాడు. పాడైన ఫోను మనిషిని పేరు పెట్టి తిడుతుందా? పైగా నేను నమోదు చేసింది శిరీష పేరు, ఆమె భర్త పేరు. అత్త పేరు అందులో ఎక్కడా లేదు.

వాళ్లు ఇల్లు చేరాక, ఒక మంగళవారం పనిగట్టుకుని పోయి వాళ్లింట్లో కూర్చున్నాను. ఫోన్ మోగింది. ఓబులమ్మ స్పీకర్ పెట్టి, నోరు దగ్గరికి చేర్చి, "అమ్మా, బిడ్డ బాగుండాది" అంది. ఆ గొంతు తన మానాన తాను తల్లిపాల గురించి చెప్పుకుపోయింది. ఓబులమ్మ చివరిదాకా విని నా వైపు తిరిగింది.

"ఈ యమ్మి కాదు నర్సమ్మా. ఆ యమ్మి పేరేమి? బిడ్డకు పెట్టుకుంటాం."

బిడ్డకింకా పేరు పెట్టలేదు. ఆ వీధిన పోయినప్పుడల్లా ఓబులమ్మ నన్ను ఆపి అడుగుతుంది. నాకు తెలియదంటే, "మీ ఆఫీసామె పేరు నీకు తెలీకుండా ఎట్లుంటాది?" అని నన్నే కసురుతుంది.

ఏం చెప్పను? నాకు నిజంగానే తెలియదు.