విమానానిది తప్పు కాదు

ఎంఆర్ఐ రోజు మా పిల్లను విమానం లేపిందని ఇన్నేళ్లూ చుట్టాలందరికీ చెప్పాను. శంషాబాద్‌లో ఉండేవాళ్లకు ఆ సౌకర్యం ఉంది, ఏ తప్పునైనా నెత్తిమీద పోయే విమానం మీదికి తోసెయ్యొచ్చు. ఇప్పుడు అసలు ఘోరం రాస్తున్నాను. చదివి తిట్టాలనిపిస్తే తిట్టండి, మీకంటే ముందు నేనే మొదలుపెట్టాను.

అప్పటికి మా లక్కీకి రెండేళ్లు నిండలేదు. వీపు మీద మెత్తటి గడ్డ. అల్ట్రాసౌండ్ చేసిన డాక్టరమ్మ కొవ్వు గడ్డలాగే ఉందన్నది. ఎంత లోతుకు పోయిందో, కొవ్వు కాక ఇంకేమైనా ఉందో ఎంఆర్ఐలోనే తేలుతుందన్నది. ఆ 'ఇంకేమైనా' విన్నాక నా భార్య సుజాతకు అన్నం సయించలేదు. నేను మాత్రం కోపం తిని బతికాను.

మిషన్లో పిల్ల కదలకూడదు. అందుకని నిద్రపోనివ్వకుండా తెమ్మన్నారు, నిద్రమందు అక్కడ తాగిస్తారట. పాల్మాకులలోని మా ఇంటి నుంచి ఆస్పత్రి దాకా దారంతా దాన్ని మేలుకొలిపి ఉంచడానికి కోతిలా మొహాలు పెట్టాను. మందు పడ్డాక ఊగి ఊగి సుజాత భుజం మీద వాలిపోయింది.

ఇక నిశ్శబ్దానికి నేను పోలీసునయ్యాను. ఫోన్ మాట్లాడుతున్న పెద్దాయన్ని బయటికి తరిమాను. స్ట్రెచర్ కీచుమంటే, చక్రాలకు నూనె పెట్టరా అని తోసేవాడితో కొట్లాడాను. ఒకావిడ తుమ్మబోయి నా చూపుకు తుమ్మునే మింగేసింది.

మా వంతు వచ్చింది. పైన విమానం పోయింది. లక్కీ కదల్లేదు. టెక్నీషియన్ గొంతు తగ్గించి, "అన్నా, మొలతాడుకు వెండి మువ్వలున్నయ్, తియ్యాలె" అన్నాడు. "జర మెల్లగ తియ్యి" అని సుజాత గుసగుసలాడింది.

ఆ గుసగుసలకే నాకు ఒళ్లు మండింది.

"పిల్ల పండుకుంటే ముచ్చట్లేంది? నోర్లు మూస్కోరాదుండ్రి!"

నా అరుపుకు ఎక్కడో దూరాన మహేశ్వరం ఊళ్లో మేకలు బెదిరి ఉంటాయి. లక్కీ కళ్లు తెరిచి, "డాడీ" అని నవ్వింది.

"విమానానికి లేవలే, మీకు లేసింది" అన్నాడు టెక్నీషియన్. ఆ రోజు మళ్లీ మందు ఇవ్వకూడదట, వారం ఆగమన్నారు. వారమంతా సుజాత నిద్రపోతున్న పిల్ల వీపు తడుముతూ కూర్చుంది. అది చూసి కూడా ఫోన్ చేసిన ప్రతివాడికీ విమానం పేరే చెప్పాను. సిగ్గులేనివాణ్ణి.

రెండోసారి సుజాత నన్ను ఆస్పత్రి గేటు కూడా దాటనివ్వలేదు, కార్లో అద్దాలెక్కించి కూర్చోబెట్టింది. ఫిల్ములు చూశాక డాక్టరమ్మ చెప్పిన మాట మోసుకొచ్చి తలుపు తీసింది. భుజం మీద పిల్ల నిద్రపోతోంది.

"ఉత్త కొవ్వేనంట. తీసేస్తే అయిపోతదంట. అరవకు."

స్టీరింగ్‌కు తల ఆనించి, జీవితంలో మొదటిసారి చప్పుడు చెయ్యకుండా ఏడ్చాను.

కాబట్టి, నేను నింద మోపిన సమస్త విమానాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పిల్లలు నిద్రపోతున్న చోట ఇంకెప్పుడూ, ఎవరినీ, నిశ్శబ్దంగా ఉండమని అరవను.