ఓపెనైందా అన్నా?

మల్లాపూర్‌లో మేం పనిచేసిన పంపుల ఫ్యాక్టరీ యజమాని, ఎక్కడ పట్టుబడతామోనని భయపడి లైసెన్సు లేని ఆఫీసు సాఫ్ట్‌వేర్ తీయించేసి, కంప్యూటర్లన్నిటిలో ఉచితంగా దొరికేది వేయించాడు. అప్పటినుంచి మా డిస్పాచ్ పెద్దాయన పంపే ఫైళ్లు అవతలి ఆఫీసుల్లో సరిగ్గా తెరుచుకునేవి కావు. అందుకని ప్రతి మెయిల్ వెనకాలే ఆయన ఫోన్ చేసేవాడు.

"ఓపెనైందా అన్నా? అక్షరాలు గిట్ల సక్కగున్నయా?"

మాట అక్కడితో ఆగేది కాదు. వాళ్ల దగ్గు, వాళ్ల పిల్లల పరీక్షలు, అక్కడ వాన పడిందా లేదా, అన్నీ అడిగేవాడు. భార్య పోయాక చెంగిచెర్లలో ఒక్కడే ఉంటున్నాడని మాకు తెలుసు. తెలిసీ, ఆ ఫోన్లు చూసి నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు నేను ఆయన కంప్యూటర్‌లో సెట్టింగ్ మార్చాను. ఫైళ్లు పాత సాఫ్ట్‌వేర్ పద్ధతిలోనే సేవ్ అయి, అన్నిచోట్లా తెరుచుకోసాగాయి.

"ఇక ఫోన్లు చేసే పనే లేదు కాకా" అన్నాను గొప్పగా.

"మంచిగ జేసినవ్" అన్నాడు. అయినా వారం రోజులు చేశాడు. "అన్నీ బాగానే వస్తున్నాయండీ, మీకెందుకు శ్రమ" అని అవతలివాళ్లు ఫోన్ పెట్టేసేవారు.

ఓ సాయంత్రం టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుంటూ నా టేబుల్ దగ్గర ఆగాడు.

"ఆ సెట్టింగ్ జర మళ్ల ఎన్కటి లెక్క జేస్తవా బిడ్డా?"

పరాచికమనుకుని నవ్వేశాను. ఆయనా నవ్వి, ఉప్పల్ బస్సుకు నడిచాడు.