ఎడమచేతి ముడి

దయ్యాలూ, గాలి సోకడాలూ అంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. గోపాల్‌పేటలో మా మేనత్త పక్కింటామెకు పూనకం వస్తే అందరూ దండాలు పెడుతుంటే, "జర కడుపునిండ అన్నం పెట్టుండ్రి, అదే దిగుతది" అని తిట్లు తిన్నవాణ్ణి. ఇది రాస్తున్నానంటే నా బుద్ధి మారిందని కాదు. ఈ ఒక్క సంగతి మాత్రం ఎటు తిప్పి చూసినా అంతు చిక్కడం లేదు.

మాది గద్వాల. చీరల నేత. నేనూ, తమ్ముడు నాగరాజూ ఒకే గుంట మగ్గం మీద పని నేర్చుకున్నాం. వాడిది ఎడమచేతి వాటం. తెగిన పోగును ముడేస్తే మా అందరి ముడికీ తిరగేసినట్టు పడేది. పైగా మిగిలిన కొసను కత్తిరించకుండా పళ్లతో కొరికేవాడు. నాన్న చీర తిరగేసి చూసి, ఇది వాడి ముడేనని చెప్పి మరీ నెత్తిన మొట్టేవాడు.

తర్వాత వాడు సైన్యంలో చేరి హెలికాప్టర్ ఎక్కాడు. నడిపేవాడు కాదు. తలుపు దగ్గర నిలబడి, తాడు దించి, గాయపడ్డవాళ్లను పైకి లాగే పని. సెలవుకు వస్తే వాడకట్టులో అందరిదీ ఒకటే ప్రశ్న, "నువ్వే నడిపిస్తవా?" అని.

"లేదే, తలుపు కాడ నిలబడ్త."

"గంతేనా!" అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

యుద్ధం వచ్చినప్పుడు ఒక మంచుకొండ మీద ముగ్గురు సైనికులు గాయాలతో చిక్కుకున్నారు. హెలికాప్టర్ దిగే చోటు లేదు. అవతలివైపు నుంచి కాల్పులు. తమ్ముడే తాడు పట్టుకుని కిందికి దిగాడు. ఇద్దరిని కట్టి పైకి పంపాడు. రెండోవాడు తలుపు దగ్గరికి చేరుతుండగా కింద ఉన్న తమ్ముడి మెడలో తూటా దిగింది. హెలికాప్టర్‌కూ దెబ్బ తగిలి, వెళ్లిపోక తప్పలేదు. అరగంట తర్వాత ఇంకొకటి వచ్చి మూడో మనిషినీ, తమ్ముడి శవాన్నీ తెచ్చింది.

మా ఇంటికి వచ్చి ఇది చెప్పిన అధికారి ఆ మొదటి హెలికాప్టర్‌లోనే ఉన్నాడు. తూటా తగిలిన క్షణమే ప్రాణం పోయిందని, డాక్టర్లూ అదే రాశారని హిందీలో చెబితే నేను అమ్మకు చెప్పాను. అమ్మ ఒక్కటే అడిగింది. "నా కొడుకు తన్లాడిండా?"

లేదు, ఏ బాధా పడలేదన్నాడు. ఆ మాట పట్టుకునే అమ్మ మళ్లీ అన్నం ముట్టింది.

ఐదారు నెలలకు ఒక మధ్యాహ్నం వనపర్తి బస్సు దిగి ఒకతను మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. బల్మూర్ ఖాజా. ఆ మూడో మనిషి. చేతులు ఇంకా సరిగ్గా మడవలేకపోతున్నాడు. అమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది. మగ్గం పక్కనే కూర్చోబెట్టాను.

"హెలికాప్టర్ పోయినంక నా పని అయిపోయిందనుకున్న అన్నా. రెండు చేతులూ ఇరిగినయ్. మీ తమ్ముడొచ్చి పక్కన కూసున్నడు. ఏ ఊరని అడిగిండు. బల్మూరంటే, మన దిక్కోనివే, పరేషాన్ గాకు, మల్ల వస్తరన్నడు. నా చుట్టూ తాడు కట్టి, కొస పండ్లతోటి కొరికిండు. ఇంకో హెలికాప్టర్ సప్పుడు ఇనొచ్చేదాంక ఉన్నడు."

సంచిలోంచి తాడుముక్క తీశాడు. దవాఖానలో కోసి తీశారట, ముడి మాత్రం అట్లాగే ఉంది. తిరగేసిన ముడి. కొరికిన కొస.

వీధిలోకి వెళ్లి అధికారికి ఫోన్ చేశాను. హెలికాప్టర్ వెళ్లిపోయేటప్పుడు ఖాజా ఒంటికి తాడు లేదని, పైనుంచి తానే చూశానని అన్నాడు. రెండోసారి వెళ్లినవాళ్లకు శవం పడిన చోటే కనిపించిందట. ఖాజాకూ శవానికీ మధ్య పది అడుగుల మంచు. దాని మీద ఒక జాడ లేదు, నెత్తురు చుక్క లేదు. ఆ తాడు ఎవరు కట్టారని నన్నే అడిగాడు.

లోపలికి వచ్చేసరికి తాడు అమ్మ చేతుల్లో ఉంది.

"నాగనిదే ఈ ముడి. ఎప్పుడు కట్టిండు బిడ్డా?"

ఖాజా నా వైపు చూశాడు. "తూటా తగలకముందేనమ్మా," అన్నాను నేను.

అమ్మ కొరికిన కొసను వెలుతురుకు పట్టి చూసింది. అక్కడ నల్లగా ఎండిన మరక ఉంది. "మరి వాడు కొరికిన కాడ ఈ నెత్తురేంది?"

"నాదే అవ్వా," అన్నాడు ఖాజా. "నా నెత్తురే."

అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఖాజాకు అన్నం వడ్డించి, చేతులు లేవడం లేదని తానే కలిపి తినిపించింది. తాడు ఇప్పుడు ఆమె పెట్టెలో ఉంది.

దయ్యాలు లేవన్న నా మాటే నిజమైతే, నా తమ్ముడు మెడలో తూటాతో, హెలికాప్టర్ వెళ్లిపోతుంటే చూసి, అరగంట బతికే ఉన్నాడు. మరి మంచు మీద జాడ ఎందుకు లేదో నాకు తెలియదు. జీవితమంతా దయ్యాలను నమ్మినవాళ్లను ఎగతాళి చేశాను. ఇప్పుడు ఆ తాడు కట్టింది దయ్యమే అయి ఉండాలని రోజూ దండం పెట్టుకుంటున్నాను.