మణుగుకో గుర్రం

పొట్నూరు చంద్రమౌళి చీపురుపల్లిలో మూడోతరం బెల్లం, చింతపండు వర్తకుడు. మొదటితరం తూకంలో నిజాయితీకి పేరు తెచ్చుకుంది. రెండోతరం ఆ పేరు మీద బతికింది. మూడోతరం నలభయ్యారో ఏట ఒక కారు కట్టడానికి పూనుకుంది. ఊళ్ళో కారు కొనుక్కున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇంట్లో కట్టుకున్నవాడు ఈయనొక్కడే. అందుచేత ఆ నిర్మాణ వృత్తాంతం రాబోయే తరాల వారికి అందవలసి ఉంది, వారు వద్దన్నా సరే.

2013 వేసవిలో ఆయన గజపతినగరం దగ్గర మూతపడిన ఒక రైసుమిల్లులో పాత కాటా బేరానికి వెళ్ళాడు. కాటా తేలేదు, కాంటెస్సా తెచ్చాడు. ఎనభై ఎనిమిదో సంవత్సరపు కారు. పొడుగాటి ముక్కు, వెడల్పాటి భుజాలు. కుస్తీలు మానేసిన వస్తాదు అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూస్తున్నట్టుండే వాలకం. దాని ఇంజను ఎప్పుడో ఎవరో పట్టుకుపోయారు. మిల్లువారి ఆడవాళ్ళు బానెట్టు మీద గుమ్మడి వడియాలు పెట్టుకుంటున్నారు. చంద్రమౌళి ఆ వడియాలు ఎండేదాకా రెండు రోజులు ఆగి, ఆ తరవాతే బండిని ట్రాక్టరు వెనకాల కట్టించి తెచ్చుకున్నాడు. పెద్దమనిషి తరహా అంటే అది.

ఇంటరు చదివే రోజుల్లో ఆయన విజయనగరం రోడ్డు మీద బెల్లం దిమ్మల బండిలో వాళ్ళ నాన్న పక్కన కూర్చుని వస్తుండగా, సరిగ్గా ఇలాంటి తెల్లబండి ఒకటి దాటుకుపోయింది. అది లేపిన దుమ్ము బెల్లం మీద పడింది. దుమ్ము పడిన సరుకు వాళ్ళ నాన్న రెండు రోజుల్లో తుడిచేశాడు. కొడుకు మాత్రం ఆ దుమ్ములోంచి తేరుకోలేదు.

కొత్త ఇంజను నౌపడ నుంచి వచ్చింది. అక్కడి ఉప్పుమళ్ళలో ఒక కొత్తరకం జీపు బోల్తాపడింది. జీపు పోయింది గాని దాని టర్బో ఇంజను బతికింది. నూట పదిహేను గుర్రాల శక్తి. ట్రాక్టర్లు బాగుచేసే ఎల్లాజీ వచ్చి, దాని సందుల్లో పేరుకున్న ఉప్పు గీకి, వేలితో నాలిక్కి రాసుకుని చూశాడు.

"సరుకు మంచిదే సావుకారూ. నిలవ ఉంటాది," అన్నాడు.

ఇంటి వెనక గొడౌనులో పని మొదలైంది. చంద్రమౌళికి యంత్రశాస్త్రం తెలియదు. తూకం తెలుసు. కనుక తనకు తెలిసిన శాస్త్రంతోనే దిగాడు. వాళ్ళింట్లో ఇప్పటికీ బెల్లం లెక్క మణుగుల్లోనే. మణుగంటే పదకొండు కిలోల పైచిలుకు. ఒక్కొక్క చక్రాన్నీ కొట్లో కాటా మీద పెట్టి, మిగిలిన మూడింటి కిందా ఇటుకలు పేర్చి, బండి మొత్తం తూచాడు. నూట పాతిక మణుగులు తేలింది. గుర్రాలు చూస్తే నూట పదిహేను.

"మణుగుకి గుర్రం పడటం లేదు ఎల్లాజీ," అన్నాడు దిగులుగా.

"పడకపోతే ఏటవుతాది?"

"తూకం తక్కువ సరుకు మా గుమ్మం దాటదు."

పది మణుగులు తగ్గించాలి. ఏడాదిన్నర పాటు ఆ గొడౌనులో జరిగిన మహాయజ్ఞమంతా ఆ పది మణుగుల గురించే. వెనకసీటు తీసేశారు. స్టెప్నీ తీసేశారు. ఏసీ, రేడియో, తలుపుల లోపలి దళసరి అట్టలు, వెనక బంపరు, సిగరెట్టు నుసి పోసుకునే గిన్నె అన్నీ కాటా ఎక్కి, చీటీలు కట్టించుకుని, చింతపండు బస్తాల పక్కన వరసగా కూర్చున్నాయి. ముందు చక్రాలకు కొత్త డిస్కు బ్రేకులు, నాలుగింటికీ ఎత్తు దింపే స్ప్రింగులు, వెడల్పాటి టైర్లు వచ్చాయి. ఇంకా అర మణుగు మిగిలింది.

"మీరు దిగిపోతే మరి ఆరు మణుగులు తగ్గుతాది గదా," అన్నాడు ఎల్లాజీ. చంద్రమౌళి ఆ సలహాని కొన్నాళ్ళపాటు నిజంగానే ఆలోచించాడు.

ఆఖరున ఇంటర్నెట్టులో చూసి కోయంబత్తూరు నుంచి రేసుబళ్ళ క్లచ్చి తెప్పించాడు. మామూలు దానికన్నా తేలిక. కాంటెస్సా నూట పదిహేను మణుగులకు దిగింది. ఆ రోజు ఇంట్లో పాయసం చేయించాడు.

క్లచ్చి గురించి ఇక్కడ ఒక మాట. మామూలు క్లచ్చి సంసారపక్షం. కాలు నెమ్మదిగా ఎత్తితే అదీ నెమ్మదిగా పట్టుకుంటుంది. రేసుబండి క్లచ్చి అలా కాదు, ప్రతిజ్ఞ పట్టిన మనిషి లాంటిది. పడితే పూర్తిగా పడుతుంది, లేకపోతే అసలు పట్టదు. నడుమ ఇంకో మాట లేదు. దారిలో పడ్డాక హాయిగా ఉంటుంది గాని, బయలుదేరినప్పుడల్లా బండి ఎగిరి దూకుతుంది. లేదా ఆగిపోతుంది. రేసుల్లో బయలుదేరేది ఒక్కసారే గనక దీన్ని వాళ్ళు లోపంగా లెక్కపెట్టరు.

ఆయన భార్య శైలజ పాయసం వడ్డిస్తూనే అసలు విషయంలోకి వచ్చింది.

"మాఘం దాటగానే చింతపండు దిగుతాదండీ. గొడౌను నడుమ ఈ ఏనుగు పడుకుంటే సరుకు ఎక్కడ పెడతారు? మీ నెత్తి మీదా?"

"బండి పూర్తయింది గదా."

"పూర్తయి ఏటి లాభం? నలుగురు కూకోడానికి లేదు, నాలుగు బస్తాలు ఎయ్యడానికి లేదు. మాఘంలో మా తమ్ముడి పెళ్ళి. పెళ్ళికొడుకుని మెరవణిలో దీని మీద తీసుకెళ్ళండి. అది సక్కగా జరిగితే ఇది మనింట్లో ఉంటాది. లేదంటే నరసింగరావుకి కబురెట్టీస్తాను."

నరసింగరావుది పాతఇనుము వ్యాపారం. చంద్రమౌళి పాయసం గిన్నె పక్కన పెట్టేశాడు. మాఘమాసానికి ఇంకా ఇరవై రోజులున్నాయి.

శైలజ తమ్ముడు దేవేంద్ర పార్వతీపురంలో పశువుల డాక్టరు. నోరు లేని జీవాల బాధ తెలిసినవాడు గనక బావ అడగ్గానే సరేనన్నాడు. పెళ్ళి గజపతినగరంలో. విడిది నుంచి కల్యాణమండపానికి ఒకటే వీధి. ఆ వీధి ఆచారం ఏమిటంటే, ఊరేగింపు ప్రతి గుమ్మం ముందూ ఆగాలి. ఆ ఇంటావిడ వచ్చి హారతి పట్టాలి. అప్పుడే కదలాలి. ఆగకుండా దాటిపోతే ఆ ఇంటికీ పెళ్ళివారికీ మూడు తరాలు మాటలుండవు. గుమ్మాలు నలభై రెండు.

ఈ లెక్క చంద్రమౌళి వెయ్యలేదు. గుర్రాలు, మణుగులు తప్ప మూడో లెక్క ఆయన దృష్టిలో లేదు.

పెళ్ళిరోజు పొద్దున్నే ఎల్లాజీని పక్కన కూర్చోబెట్టుకుని చీపురుపల్లి నుంచి బయలుదేరాడు. ఊరు దాటాక కాలు నొక్కాడు. ముప్పావుగంట దారి పాతిక నిమిషాల్లో అయిపోయింది. మలుపుల్లో బండి నేలకి అతుక్కుని సాగింది. టర్బో ఈల వేసింది. ముప్పైయేళ్ళ దుమ్ముకి ఆయన ఆ పూట జవాబు చెప్పాడు. దీనికి ఒక్క సాక్షీ లేడు. ఎల్లాజీ దారి పొడుగునా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

సాయంత్రం నాలుగింటికి ఊరేగింపు సిద్ధమైంది. పెళ్ళికొడుకు ఎక్కబోయి ఆగాడు.

"బావా, సీటేదీ?"

"బరువని తీసీసేన్రా. దానికంటే మెత్తనిది ఏసేను, కూకో."

గింజ తీసిన పాత చింతపండు బస్తా ఒకటి వేసి, మీద జంపఖానా పరిచాడు. పట్టుపంచెతో దేవేంద్ర దాని మీద ఆసీనుడయ్యాడు. బండికి ముందు దాలయ్య తప్పెటగుళ్ళ దళం నిలబడింది. పదహారుమంది, గుండెల మీద రేకు తప్పెట్లు, కాళ్ళకి గజ్జెలు. వెనక ఆడవాళ్ళు. వాళ్ళ వెనక నరసింగరావు. అతన్నీ పెళ్ళికి పిలిచారు, అతను లారీ వేసుకుని వచ్చాడు.

దాలయ్య ఈల వేశాడు. తప్పెట్లు మోగాయి. చంద్రమౌళి ఎడమకాలు ఎత్తాడు.

బండి నాలుగడుగులు ఎగిరి దూకింది. వెనక వరస ఆటగాళ్ళు ఇద్దరు పక్కింటి అరుగెక్కేశారు. చంద్రమౌళి బ్రేకు తొక్కాడు. కొత్త డిస్కు బ్రేకులు గనక బండి తొక్కినచోటే ఆగింది. పెళ్ళికొడుకు మాత్రం ఆగలేదు, ముందుసీటుకి వచ్చేశాడు.

"నెమ్మదిగా బావా!"

"నెమ్మది ఇందులో లేదురా!"

మొదటి గుమ్మం దగ్గర హారతి అయింది. మళ్ళీ కదలాలి. మళ్ళీ గెంతు. పక్కన కూర్చున్న ఎల్లాజీ దణ్ణం పెట్టుకోవడం మొదలెట్టాడు. వెనకనుంచి లారీ ఇంజను స్టార్టు చేసిన చప్పుడు వినబడింది. చంద్రమౌళి అద్దంలో శైలజని చూశాడు. ఆవిడ పళ్ళెం పట్టుకుని, పెదవులు బిగించి నడుస్తోంది. ఇంకా నలభై ఒక్క గుమ్మాలు.

"దీని నడక సూస్తే కాలు మడత పడ్డ ఎద్దులా ఉన్నాది బావా," అన్నాడు దేవేంద్ర వెనకనుంచి, బాసికం సర్దుకుంటూ. "మా ఆసుపత్రికి తెస్తే పండబెట్టి సూస్తాం."

మూడోసారి ఆగినప్పుడు దాలయ్య బండి దగ్గరికొచ్చి కిటికీలోకి తల పెట్టాడు. అరవయ్యేళ్ళ మనిషి, అప్పటికే చెమటలు కారుతున్నాడు.

"సావుకారుబాబూ, ఇది ఇలగే ఎగురుతాదా, మరి బాగుపడతాదా?"

"ఇలాగే ఎగురుతాది," అన్నాడు చంద్రమౌళి.

"అలగైతే సెప్పరేటి! మీరు ఎగిరీముందు ఒకసారి హారను కొట్టండి. మిగతాది మేం సూసుకుంటాం."

దాలయ్య తన వాళ్ళ వైపు తిరిగి ఏదో అరిచాడు. చంద్రమౌళి హారను కొట్టాడు. బండి ఎగిరింది. అదే క్షణంలో పదహారుమందీ గజ్జెలు ఘల్లుమనేట్టు గాలిలోకి లేచి, నాలుగడుగులు ముందుకి దూకి, బండి ఆగేసరికి తామూ ఆగి, తప్పెట మీద ఒక్క దెబ్బ వేశారు. ఆ తరవాత ఎవరో కేక వేశారు.

"ఒరే, బండి ఆడతన్నాదిరోయ్!"

ఆ పైన సంగతులు అదుపులో లేవు. మేడల మీద జనం ఎక్కారు. బస్టాండు నుంచి జనం వచ్చారు. హారను, గెంతు, దెబ్బ. హారను, గెంతు, దెబ్బ. హారతి పట్టే ఆడవాళ్ళు కూడా కర్పూరం చేత్తో కాచుకుంటూ తాళానికి వెనక్కి గెంతడం నేర్చుకున్నారు. ముప్పయ్యో గుమ్మం దగ్గర మరిడమ్మ అనే ముసలావిడ బండికి అడ్డంగా నిలబడిపోయింది.

"పక్కింటోళ్ళకి నాలుగు గెంతులేసినారు. మా గుమ్మం ముందు రెండేనేటి? మేం పెళ్ళికి సదివింపులు సదివించనేదా?"

ఆవిడకి లోటు భర్తీ చేయడానికి బండిని చేత్తో వెనక్కి నెట్టవలసి వచ్చింది. ఆ నెట్టినవాళ్ళలో నరసింగరావు కూడా ఉన్నాడు.

కల్యాణమండపం దగ్గర పెళ్ళికొడుకు దిగాడు. అన్ని గెంతులకు బస్తాలోని పాతచింతపండు తన కర్తవ్యం తాను నిర్వర్తించింది. పట్టుపంచె వెనకభాగమంతా ముదురుగోధుమరంగు. ఆడపెళ్ళివారిలో గుసగుసలు బయలుదేరాయి.

"పెళ్ళికొడుక్కి ఏటయినాదే?" అంది ఒక పెద్దావిడ, అందరికీ వినబడేలా.

శైలజ ముందుకొచ్చింది. "ఏటీ అవలేదు పిన్నీ. పెళ్ళికొడుకుని చింతపండు మీద కూకోబెట్టి తేవడం మా అత్తవారి ఆచారం. సరుకు పెరుగుతాదని."

మూడు తరాల పొట్నూరువారిలో ఎవరికీ లేని ఆ ఆచారాన్ని వింటూ చంద్రమౌళి స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. నరసింగరావు శైలజ దగ్గరకొచ్చి, చేతులు నలుపుకుంటూ అడిగాడు.

"మరి ఇనుము ఎక్కించీమంటారా అమ్మా?"

"భోంచేసి ఎల్లండి నరసింగరావుగారూ," అంది శైలజ.

కాని చంద్రమౌళి మనసు కుదుటపడలేదు. బండి మిగిలింది, పరువు పోయిందని ఆయన లెక్క. వేగం కోసం కట్టిన బండిని చూసి ఊరు ఊరంతా నవ్వింది. నాలుగు రోజుల తరవాత ఎల్లాజీ చేత మామూలు క్లచ్చి ప్లేటు తెప్పించాడు. గొడౌనులో బండిని జాకీ మీద ఎత్తారు. ఎల్లాజీ కిందికి దూరి మొదటి నట్టు విప్పుతుండగా వాకిట్లో దాలయ్య మాట వినబడింది.

"సావుకారుబాబు ఉన్నారేటమ్మా? వచ్చీ శుక్రవారం మావూళ్ళో పండగ. బండి కావాల. ఆ తరవాత మరి రెండు పెళ్ళిళ్ళున్నాయి."

శైలజ అతన్ని గొడౌనులోకి తీసుకొచ్చింది. దాలయ్య జాకీ చూశాడు, కొత్త ప్లేటు చూశాడు, మొహం మాడ్చుకున్నాడు.

"బాగుసేస్తన్నారా? అలగైతే మాకొద్దు బాబూ. నడిసే బళ్ళు ఊరినిండా ఉన్నాయి."

చంద్రమౌళి భార్య వైపు చూశాడు.

"నన్నేటి సూస్తారు? మెరవణి సక్కగా జరిగితే ఉంటాదన్నాను. జరిగింది. అలగ జరిపింది ఏదో దాన్ని ఇప్పేసి, ఇంకోటి ఏస్తే మళ్ళీ నా మాట నాది. నరసింగరావు నెంబరు ఫోన్లోనే ఉన్నాది."

"నడిరోడ్డు మీద కోతిలా గెంతడానికా నేను ఏడాదిన్నర కష్టపడ్డది?"

"నువ్వు కష్టపడింది నీకు తెల్సు, నాకు తెల్సు," అంది శైలజ. పదిమందిలో ఆయన్ని ఎన్నడూ నువ్వనని మనిషి. "ఆ వీధిలో జనం మాత్రం నీ బండి పేరే సెప్పుకుంటన్నారు. మీ తాతగారి పేరు తరవాత ఇన్నాళ్ళకి మనింటి పేరు పదిమంది నోట్లో పడ్డాది. ఇప్పండి, ఇప్పీసి బుద్ధిగా నడిపించండి. ఎవడు సూస్తాడో నేనూ సూస్తాను."

బండి కింద నుంచి ఎల్లాజీ అడిగాడు.

"ఇప్పమంటారా, బిగించమంటారా సావుకారూ? నాను ఇక్కడ ఎంతసేపని నడుం వాల్చి ఉంటాను?"

"బిగించు," అన్నాడు చంద్రమౌళి.

ఆ వారమే చింతపండు దిగింది. గొడౌనులో చోటు లేక శైలజ బస్తాలన్నీ ముందుగదిలో పేర్పించింది. వచ్చినవాళ్ళకి కుర్చీ బదులు బస్తా చూపిస్తోంది. వెనక పెరట్లో రోజూ సాయంత్రం అయిదింటికి సాధన. దాలయ్య ఈల నోట్లో పెట్టుకుని బండి ముందు నిలబడతాడు. చంద్రమౌళి స్టీరింగు దగ్గర చెప్పులు విడిచి కూర్చుంటాడు.

"అర తాళం ఎనకబడతన్నారు బాబూ. సెవులతో ఇంటే లాభం నేదు, కాలితో ఇనాల. మళ్ళీ మొదటికాణ్ణించి."

చంద్రమౌళి హారను కొట్టి, ఎడమకాలు ఎత్తాడు.