చేపల కోసం తీసిన మీసం

మా తోడల్లుడి మాట విని మీసం తీసేసిన బుద్ధిహీనుణ్ణి నేను. అదీ, మా నాయన నిక్షేపంగా బతికుండగా.

అండమాన్‌లో ఒక చిన్న దీవి. ఒడ్డు నుంచే నడుచుకుంటూ నీళ్లలోకి దిగి, వీపున గాలి సిలిండరుతో మునిగి, పగడాల దిబ్బ చూసి రావచ్చు. మా అత్తగారి పెద్దల్లుడు అంతకుముందు ఎక్కడో ఒక్కసారి మునిగాడట. ఆ ఒక్క మునకకే సముద్రమంతా పుక్కిట పట్టాడు. చెన్నై విమానానికి పోతుంటే, పుత్తూరు దాటకముందే కారులో నాకు పాఠం మొదలైంది. నీళ్లలో చేసే సైగలన్నీ అయ్యాక, మీసం దగ్గరికొచ్చాడు.

"మీసముంటే మాస్కులోకి నీళ్లు దూరతాయప్పా. గీకేసెయ్."

"మరి నీ మీసమో, అన్నా?"

"నాది అలవాటు పడిన మీసంలేబ్బా."

దీవిలో దిగిన మర్నాడు పొద్దున్నే నా పాతికేళ్ల మీసం లాడ్జి సింకులోకి పోయింది. ఒడ్డుకు వెళితే, మమ్మల్ని ముంచడానికొచ్చిన శిక్షకుడికి గుబురు మీసం! దానికి కాస్త వాజలీను రాసుకుని, మా తోడల్లుడికీ రాశాడు. నీళ్లు దూరకుండా అంతే మందు. నాకు మీసం పోయి మోసం మిగిలింది.

మా పండితుడు కాళ్ల రెక్కలు ఇసుకలోనే తొడుక్కుని, బాతులా నాలుగడుగులు వేసి బోర్లా పడ్డాడు. శిక్షకుడు లేవదీసి, ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని రెండు నిలువుల లోతుకు దింపాడు. పగడాల సందులోంచి పసుపు చారల చేప ఒకటి వచ్చి నా బోడి పెదవిని పరీక్షిస్తోంది. సరిగ్గా అప్పుడు మా తోడల్లుడు 'సూపర్' అన్నట్టు బొటనవేలు ఎత్తాడు. నీళ్లలో ఆ సైగకు 'పైకి తీసుకుపో' అని అర్థం. కారులో నాకు నేర్పిందీ ఆయనే. శిక్షకుడు ఇద్దర్నీ పైకి లాగేశాడు. మళ్లీ దిగాం. మా పండితుడు మళ్లీ బొటనవేలు ఎత్తాడు. శిక్షకుడు ఇక చాలని పైకి లాగి సిలిండర్లు విప్పించాడు.

మా వైపు తిరుమల కొండకు మొక్కుబడికి పోతే జుట్టూ మీసమూ కలిసే పోతాయి. జుట్టుండి మీసం ఒక్కటే లేదంటే ఇంట్లో తండ్రి పోయినట్టే. చిత్తూరులో దిగీదిగగానే ఎదురింటాయన భుజం మీద చెయ్యేశాడు.

"పెద్దాయన ఎప్పుడు పోయినాడప్పా?"

లోపల్నుంచి మా నాయనే జవాబిచ్చాడు. "ఈడనే ఉండాను. కాఫీ తాగతా ఉండాను."

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. ఇప్పటికీ నా పెదవి చూసి పేపరు అడ్డం పెట్టుకుంటాడు.

ఆ ఆదివారం తిరుపతిలో, అత్తగారింట భోజనాల దగ్గర, తోడల్లుడు మీసం దువ్వుతూ అందుకున్నాడు. "ఈయప్పకి ఊపిరాడలా అత్తా. కండ్లు తేలేసినాడు. నేనే యేలెత్తి పైకి తెప్పించినా. రెండుసార్లు!"

అత్తగారికి కళ్లనీళ్లు తిరిగాయి.

"అవునత్తా," అన్నాను. "అన్న సిగ్గుపడి అసలు మాట సెప్పలేదు. నేను బతికి ఒడ్డుకొస్తే తలనీలాలు, మీసంతో సహా ఇస్తానని స్వామికి మొక్కుకున్నాడు."

ఆయన నోరు తెరిచాడు. మొక్కుకోలేదంటే, తమ్ముడు చస్తుంటే దేవుణ్ణి కూడా తలవనివాడవుతాడు. తెరిచిన నోట్లో అప్పడం పెట్టుకున్నాడు.

"మొక్కు ఆలస్యం చెయ్యకూడదు నాయనా. రేపే పోదాం," అంది అత్తగారు.

మర్నాడు కళ్యాణకట్టలో గుండు పూర్తయి, కత్తి పై పెదవి మీదికి రాగానే, ఆయన నా వైపు చూశాడు.

నేను బొటనవేలు ఎత్తి చూపించాను.